తాళం ఒక్కరి కోసం తీయలేం

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న షాపు. 2006లో ఎనిమిది సిస్టమ్‌లు వేసి నెట్ సెంటర్‌గా మొదలుపెట్టాం. గంటకు పదిహేను రూపాయలు. అప్పట్లో కాలేజీ పిల్లలందరికీ ఆర్కుట్ పిచ్చి. రాత్రి షాపు కట్టేసే ముందు ఒక్కో సిస్టమ్ దగ్గరికీ వెళ్లి, పిల్లలు తెరిచి వదిలేసిపోయిన అకౌంట్లను లాగవుట్ చేయడం నా పని. రోజుకు నాలుగైదు ఉండేవి. చదవకూడదనుకున్నా కళ్లబడేవి. ఒకరి ప్రేమ, ఇంకొకరి సప్లీలు, హాస్టల్లో ఎవరితోనో తగాదా. మర్నాడు వచ్చిన అబ్బాయికి "నాన్నా, నిన్న అకౌంటు అలాగే వదిలేసిపోయావు" అంటే, "ఎవరు చూస్తార్లే అక్కా" అని వెళ్లి కూర్చునేవాడు.

2014 సెప్టెంబరు 30న గూగుల్ ఆర్కుట్‌ను మూసేసింది. నెట్ సెంటర్లూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. నా షాపు పాస్‌పోర్టు, వీసా ఫారాలు నింపే చోటుగా మారింది. ఎనిమిది సిస్టమ్‌లు రెండయ్యాయి, అక్కా అన్నవాళ్ల పిల్లలు ఆంటీ అంటున్నారు. ఆ పాత మాట మాత్రం మారలేదు. ఎవరు చూస్తారు? ఈ ఇరవై ఏళ్లలో ఎవరెవరు చూశారో నాకు తెలిసినంతవరకు రాస్తాను.

అమెరికా వీసా కావాలంటే డీఎస్-160 అనే ఫారం నింపాలి. 2019 మే నెలాఖరు నుంచి అందులో ఒక ప్రశ్న చేరింది. గత ఐదేళ్లలో ఏయే సోషల్ మీడియా వాడారు, వాటిలో మీ పేరేమిటి? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ట్విట్టర్, యూట్యూబ్, లింక్డిన్, రెడిట్, ఇంకా మనం పేరు కూడా వినని చైనా, రష్యా సైట్లు కొన్ని ఆ జాబితాలో ఉంటాయి. పాస్‌వర్డ్ అడగరు, యూజర్‌నేమ్ ఇస్తే చాలు. పక్కన నాన్న కూర్చుని ఉంటే ప్రతి పిల్లా పిల్లాడూ ఒకటే చెబుతారు: "ఇన్‌స్టా ఒక్కటే ఆంటీ." అందుకని ఆ పేజీ రాగానే నాన్నగారిని ఏదో ఒక జిరాక్స్ పనిమీద పక్క షాపుకు పంపిస్తాను. ఆయన మెట్లు దిగేలోపు రెండో అకౌంటు, మూడో అకౌంటు బయటికొస్తాయి.

అలా వచ్చినవాడే నరసరావుపేట వైపు అబ్బాయి ఒకడు. బీటెక్ అయి, ఎమ్మెస్‌కు అమెరికా యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం తెచ్చుకున్నాడు. మూడో అకౌంటు ట్విట్టర్‌లో, అభిమాన హీరో పేరుతో ఉంది. ఇంటర్ రెండో సంవత్సరంలో తెరిచాడట. వేల ట్వీట్లు. అవతలి హీరో అభిమానులతో బూతులు, వాళ్ల అమ్మల మీద బూతులు. అవి కాక, "రేపు థియేటర్ తగలబెట్టేస్తాం", "అడ్డొస్తే నరికేస్తాం" లాంటివి. మన పిల్లల నోట ఇవి సినిమా ముందురోజు రాత్రి మాటలు. పండగ. ఆ పండగ సంగతి తెలియని పరాయి దేశపు అధికారి చేతికి అనువాదమై వెళితే మిగిలేది తగలబెట్టడం, నరకడం మాత్రమే. ఆ అబ్బాయి నాతో ఒక మాటన్నాడు: "అవన్నీ మా బ్యాచ్ వాళ్ల కోసం రాసినవి ఆంటీ. నలభై మందిమి." అబద్ధం కాదు. రాసేటప్పుడు వాడి కళ్లముందున్నది ఆ నలభై మందే. ఆరేళ్ల తర్వాత నలభై ఒకటో మనిషి చదువుతాడని వాడికెవరూ చెప్పలేదు.

ఆ అకౌంటు వదిలేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. సోషల్ మీడియా వివరాలు దాచితే వీసా నిరాకరించవచ్చనీ, ఆ తర్వాత వీసాలకూ అనర్హులు కావచ్చనీ అమెరికా రాయబార కార్యాలయం 2025లో బహిరంగంగానే చెప్పింది. నువ్వు సిగ్గుపడే రాతను తీసేసుకునే హక్కు నీకుంది, అబద్ధాన్ని ఫారంలో పెట్టే హక్కు మాత్రం లేదు అన్నాను. వాడు ఆ రాత్రి, మర్నాడు కూర్చుని తీసుకున్నవి తీసుకున్నాడు. అంతలో ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ఉంటే దానికి వాడూ నేనూ చేయగలిగింది లేదు.

ఇలా అకౌంట్ల పేర్లు అడగడం 2019 నుంచీ ఉన్నదే. నన్ను నిజంగా ఇరకాటంలో పెట్టింది 2025 జూన్. చదువుకోసం ఇచ్చే ఎఫ్, ఎమ్ వీసాలకు, జె వీసాలకు దరఖాస్తు చేసేవాళ్లు తమ ప్రొఫైళ్లన్నీ పబ్లిక్‌గా పెట్టాలని అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి ఉద్యోగులకిచ్చే హెచ్-1బికీ, వాళ్ల కుటుంబాలకిచ్చే హెచ్-4కూ ఇది వర్తించింది. మా ప్రాంతంలో ఇది ఎన్ని ఇళ్ల విషయమో చెప్పనక్కర్లేదు. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో తెలుగు పిల్లలు తక్కువేం కాదు.

ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్‌కు తాళం వేసే సదుపాయం మన దేశానికి 2020 మేలో వచ్చింది. ఆడపిల్లలు ముఖ్యంగా అది వాడుకోవాలని షాపుకు వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ నేనే చెప్పాను. కూర్చోబెట్టి వేయించాను కూడా. ఇప్పుడు అదే నోటితో తాళం తీయమని చెప్పాల్సి వచ్చింది. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన కూతురితో వచ్చి, విషయం విని, కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అమ్మా, ఆ ఆఫీసరు ఒక్కడికే కనపడేట్టు పెట్టడానికి లేదా?"

లేదు. ఆయన అడిగినదాంట్లోనే అసలు సంగతంతా ఉంది. సోషల్ మీడియాలో తాళం తీస్తే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ అధికారికీ, ఎక్కడో గదిలో కూర్చుని మోసం చేసుకు బతికేవాడికీ ఒకే తలుపు తెరుచుకుంటుంది. పైగా వీసా వచ్చాక కూడా పరిశీలన ఆగదని ఆ రాయబార కార్యాలయమే చెబుతోంది. స్టాంపింగ్ అయిన మర్నాడు తాళం వేసేసుకో అని నేను ధైర్యంగా చెప్పలేకపోతున్నాను. చదువుకోవడానికి వెళ్లే ఇరవై రెండేళ్ల పిల్ల తన ఫొటోలన్నిటినీ లోకానికి తెరిచిపెట్టాలనడం నాకు న్యాయంగా తోచదు. ఫారం నింపేదాన్ని కాబట్టి నింపుతాను. తోచదని చెప్పకుండా మాత్రం ఉండలేను.

తెరిచిన తలుపులోంచి ఎవరొస్తారో మా ఇంట్లోనే తెలిసింది. మూడేళ్ల కిందట నా ఫేస్‌బుక్ ఫొటో, నా పేరు పెట్టి ఎవడో ఇంకో అకౌంటు తెరిచాడు. వాడికి నా పాస్‌వర్డ్ అక్కర్లేకపోయింది. నా ఫొటో పబ్లిక్‌గా ఉంది, నా ఫ్రెండ్స్ జాబితా పబ్లిక్‌గా ఉంది. ఫొటో దించుకున్నాడు, జాబితాలో ఉన్నవాళ్లందరికీ రిక్వెస్ట్ పంపాడు. పాత అకౌంటు పోయిందేమో అనుకుని చాలామంది ఒప్పుకున్నారు. చీరాలలో ఉండే మా మరిదికి నా పేరుతో "హాయ్, హౌ ఆర్ యూ" అని మెసేజ్ వెళ్లింది. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో నేనతన్ని అలా పలకరించింది లేదు. అయినా పైన నా ఫొటో ఉందిగదా, అనుమానపడలేదు.

తెలిసినాయన ఒకరు సీఆర్పీఎఫ్‌లో అధికారి, జమ్మూకు బదిలీ అయింది, సామాన్లు చవకగా ఇచ్చేస్తున్నారు, నీ నంబరు ఇస్తాను, మాట్లాడు అన్నది మెసేజ్. తర్వాత ఆ "అధికారి" ఫోన్ చేశాడు. సోఫా, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషిన్, బండి, అన్నీ కలిపి ఎనభై అయిదు వేలు. ఫొటోలు పంపాడు. యూనిఫాం ఫొటో ఉన్న గుర్తింపు కార్డు పంపాడు. ముందు నలభై అయిదు వేలు పంపిస్తే మిలటరీ లారీలో ఇంటికే వస్తాయన్నాడు. మా మరిది పంపించాడు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "వదినా, లారీ ఎప్పుడొస్తుందంటావు?" అని అడిగాడు. ఏ లారీ అన్నాను నేను.

వెంటనే 1930కి ఫోన్ చేయించాను. ఇది డబ్బు పోయిన సైబర్ నేరాలకు దేశమంతటికీ ఉన్న ఒకే నంబరు. ఫోన్ చేసి లావాదేవీ నంబరు, సమయం చెబితే, ఆ డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ బ్యాంకుకు కబురు వెళ్లి అక్కడున్నంతవరకు నిలిపేస్తారు. దొంగలు డబ్బును ఒక ఖాతాలో ఉంచరు, నిమిషాల్లో మూడు నాలుగు ఖాతాలకు చీలుస్తారు, ఏటీఎంలో తీసేస్తారు. అందుకే తెల్లారాక చూద్దాం అనుకుంటే ఏమీ మిగలదు. మాకు పద్దెనిమిది వేలు ఆగాయి. అవి చేతికి రావడానికి కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది, నెలలు పట్టింది. మిగతావి పోయాయి. మా మరిది ఒక్క మాట కూడా నన్ననలేదు, కానీ తోడికోడలు ఆ సంక్రాంతికి రాలేదు. నా పేరు చూసి డబ్బిచ్చాడు అన్నది ఇద్దరికీ తెలుసు.

మీరిప్పుడే చేయగలిగింది ఒకటుంది. ఫేస్‌బుక్ సెట్టింగుల్లో ఫ్రెండ్స్ జాబితాను "ఓన్లీ మీ" అని పెట్టండి. జాబితా దొరక్కపోతే నకిలీ అకౌంటు ఎవరికి రిక్వెస్ట్ పంపాలో వాడికి తెలియదు. ఫోన్ నంబరు సంగతి మాత్రం చెయ్యి దాటినట్టే అనుకోండి. 2021 ఏప్రిల్‌లో 106 దేశాలకు చెందిన 53 కోట్లకు పైగా ఫేస్‌బుక్ వాడుకరుల వివరాలు, ఫోన్ నంబర్లతో సహా, ఉచితంగా బయటపడ్డాయి. వాళ్లలో మనవాళ్లు 60 లక్షల దాకా ఉన్నారు. ఫోన్‌లోని నంబర్లను బట్టి స్నేహితుల్ని వెతికిపెట్టే సదుపాయాన్నే వాడుకుని ఎవరో వాటిని తోడేశారు. ఆ దారి 2019లోనే మూశామని కంపెనీ చెప్పింది. తోడుకున్నవాడి దగ్గర నీళ్లు ఉండిపోయాయి.

డబ్బు పోతే మనిషి కోలుకుంటాడు. ఒక మధ్యాహ్నం డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె వచ్చి, చున్నీ చేతికి చుట్టుకుంటూ, "అకౌంటు పర్మనెంటుగా డిలీట్ చేయడం ఎలా?" అని అడిగింది. ఎందుకని నేనడగలేదు. మంచినీళ్లిచ్చాను. అరగంటకు చెప్పింది. ఆమె కాలేజీ ఫంక్షన్ ఫొటోలోంచి ముఖం తీసి వేరే ఒంటికి అతికించి, ఇరవై వేలు ఇవ్వకపోతే మీ నాన్న ఫ్రెండ్స్ అందరికీ పంపుతానంటున్నాడు ఎవడో. ఇంట్లో చెప్పలేదు. చెబితే చదువు మాన్పిస్తారని భయం.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని ఇంకొకరి వీడియోకు అతికించినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో అరెస్టు చేసిన యువకుణ్ణి పట్టుకున్నది మా గుంటూరు ప్రాంతంలోనే. అభిమాన పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. పత్రికలో ఆ వార్త చదివిన రోజు నాకు ఈ అమ్మాయి గుర్తొచ్చింది. సినిమా నటి కోసం ఢిల్లీ పోలీసులు ఇంత దూరం వచ్చారు, ఈ పిల్ల కోసం నా షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆమెకు చెప్పినవి ఇక్కడా చెబుతాను, ఎవరికి ఎప్పుడు అవసరమవుతాయో. ముందు అకౌంటు తీసెయ్యకూడదు, తీసేస్తే సాక్ష్యం పోతుంది. వాడి ప్రొఫైల్ లింకు, మెసేజీలు, తేదీ సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోవాలి. రూపాయి కూడా ఇవ్వకూడదు, ఇచ్చినవాళ్లను మళ్లీ అడుగుతారు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్లకూ పిల్లలకూ సంబంధించిన ఇలాంటి నేరాలపై పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయవచ్చు. ఇలాంటి బొమ్మలపై బాధితులు ఫిర్యాదు చేస్తే తీసేయడానికి 2021 ఐటీ నియమాలు సోషల్ మీడియా కంపెనీలకు మొదట 24 గంటల గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకు తగ్గించారు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్ అనే సైటు 2021 చివర్లో వచ్చింది. అక్కడ మీ బొమ్మను మీ ఫోన్‌లోనే ఎంచుకుంటే, దాన్నుంచి వేలిముద్రలాంటి ఒక సంకేతం తయారవుతుంది. బొమ్మ ఫోన్ దాటదు, సంకేతం మాత్రమే వెళుతుంది. ఇందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి కంపెనీలు ఆ సంకేతానికి సరిపోయే బొమ్మ ఎవరైనా పెడుతుంటే గుర్తుపట్టి ఆపుతాయి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు ఇది. చిన్నపిల్లల కోసం టేక్ ఇట్ డౌన్ అని ఇలాంటిదే ఇంకొకటి ఉంది.

ఆ అమ్మాయి అమ్మకు నేనే ఫోన్ చేశాను, ఆమె ఒప్పుకున్నాకే. ఆవిడ వచ్చి, విని, కూతుర్ని తిట్టలేదు. పిల్ల తలమీద చెయ్యి వేసి, "పద, స్టేషన్‌కు వెళ్దాం" అంది. అంతే. ఆ తల్లికి నేను ఈ రోజుకీ దండం పెడతాను.

ఉద్యోగాల సంగతికొస్తే, ముందు మా అన్నయ్య కథ చెబుతాను. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరు. పదో తరగతి పాత మిత్రులు అరవై రెండు మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో, ఎన్నికల రోజుల్లో, ఎవరో పంపిన కార్టూన్ ఒకటి ఫార్వర్డ్ చేశాడు. ఒక అభ్యర్థిని వెక్కిరించే బొమ్మ అది. గీసింది ఆయన కాదు, కింద ఒక్క మాట రాసిందీ లేదు. నాలుగో రోజుకు స్క్రీన్‌షాట్ పైఅధికారి ఫోన్‌లో ఉంది. మెమో వచ్చింది, సంజాయిషీ అడిగారు. ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. ఊళ్లో ఒక్క ఫోన్ ఉన్న రోజుల్లో, ఉద్యోగి రాజకీయాల్లో తలదూర్చకూడదని రాసుకున్న నియమం ఈ బొటనవేలి నొక్కుడుకూ వర్తించింది.

ఆరు నెలల తర్వాత హెచ్చరికతో ఫైలు మూసేశారు. ఆ ఆరు నెలలూ అన్నయ్య రాత్రిళ్లు వరండాలో నడుస్తూ ఉండేవాడని వదిన చెప్పింది. ఆయన్ని తినేసింది మెమో కాదు. అరవై రెండు మందిలో ఆ స్క్రీన్‌షాట్ తీసినవాడెవడు? ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు, పెళ్లికి పందిరి వేసినవాళ్లు. ఇప్పటికీ తెలియలేదు. ఆ తర్వాత రెండుసార్లు పాత మిత్రుల కలయిక జరిగింది, ఆయన వెళ్లలేదు.

మా చెల్లెలి కొడుకు హైదరాబాద్ మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన మొదటిరోజు మెళ్లో కార్డు వేసుకుని సీటు దగ్గర ఫొటో దిగి లింక్డిన్‌లో పెట్టాడు. వెనక పక్క సీటు స్క్రీన్ మీద క్లయింటు కంపెనీ పేరు స్పష్టంగా ఉంది. సాయంత్రానికి హెచ్‌ఆర్ పిలిచింది. ప్రొబేషన్‌లో ఉన్నవాడు కాబట్టి వణికిపోయాడు, ఫొటో తీయించి వదిలేశారు. పిల్లలు తమ ముఖం చూసుకుని ఫొటో పెడతారు. వెనక ఏముందో కూడా ఒకసారి చూడమని చెబుతున్నాను.

అసలు ఏమీ రాయనివాళ్లకు భయం లేదనుకోవడమూ సరికాదు. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబై బంద్‌ను ప్రశ్నిస్తూ మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాస్తే, ఆమెతోపాటు దానికి లైక్ కొట్టిన స్నేహితురాలినీ పోలీసులు అరెస్టు చేశారు. ఆ కేసులు తర్వాత నిలవలేదు. అలాంటి అరెస్టులకు వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు, శ్రేయా సింఘాల్ కేసులో, కొట్టేసింది. ఆ తీర్పు వచ్చేసరికి లైక్ కొట్టి రెండేళ్లు దాటింది.

లైక్ కూడా కొట్టనివాళ్ల సంగతి 2018లో బయటపడింది. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ చేతికి 8 కోట్ల 70 లక్షల మంది వివరాలు చేరి ఉండవచ్చని ఫేస్‌బుక్ ఒప్పుకుంది. వ్యక్తిత్వ పరీక్ష పేరుతో ఒక యాప్ వచ్చింది, దాన్ని వేసుకున్నవాళ్ల స్నేహితుల వివరాలు కూడా ఆ యాప్‌కు వెళ్లేలా అప్పటి ఏర్పాటు ఉంది. మన దేశంలో ఆ యాప్ వేసుకున్నది 335 మంది. వివరాలు పోయి ఉండవచ్చన్నది 5,62,455 మందివి. ఆ 335 మంది పోను, మిగతా అయిదు లక్షల పైచిలుకు మందీ చేసిన పని ఎక్కడో ఆ యాప్ వేసుకున్న ఒకరికి ఫ్రెండ్‌గా ఉండటమే. మా షాపులో గోడకు ఈ రెండు అంకెలూ రాసి అతికించాను. "నేనేమీ పెట్టను ఆంటీ, చూస్తానంతే" అనేవాళ్లకు వేలు పెట్టి చూపిస్తాను.

ఇప్పుడు తాళం తీయాల్సిన పిల్లలు వస్తే ఒక సాయంత్రం ఖాళీ పెట్టుకుని రమ్మంటున్నాను. ముందు ఫ్రెండ్స్ జాబితా దాచుకోవడం, పుట్టినతేదీ, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు కనిపించే ఫొటోలు తీసేయడం, లాగిన్‌కు రెండో తాళం పెట్టుకోవడం, ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూసి తెలియనివన్నీ తెంపేయడం. నా పాత పనే, ఇప్పుడు వాళ్ల చేత చేయిస్తున్నాను. ఆ తర్వాత ఒక్కో ఫొటో చూడటం. చెల్లెళ్లవీ స్నేహితురాళ్లవీ ఉంటే వాళ్లను అడిగి ఉంచడమో తీయడమో. వీసా వీళ్లది, ముఖాలు వాళ్లవి కూడా.

మిర్చి యార్డు ఆయన కూతురు అలాగే వచ్చింది. అన్నీ అయ్యాయనుకున్నాక, "ఇంకొకటుంది ఆంటీ" అంది. ఎనిమిదో తరగతిలో తెరిచిన ఇన్‌స్టాగ్రామ్, రెండేళ్ల కిందటిదాకా అప్పుడప్పుడూ వాడిందట. పాస్‌వర్డ్ గుర్తులేదు. ఓటీపీ వెళ్లేది వాళ్ల నాన్న పాత నంబరుకు. ఆ సిమ్ ఆయన ఎప్పుడో వదిలేశాడు. వదిలేసిన నంబరును కనీసం 90 రోజులు ఆపి కంపెనీలు ఇంకొకరికి ఇస్తాయి. ఆ నంబరుకు చేసి చూశాం, అవతల ఎవరో హిందీలో పలికారు.

అకౌంటు తెరిచే దారి లేదు, మూసే దారీ లేదు. పేరు వెతికితే వచ్చింది, పబ్లిక్‌గానే ఉంది. పదకొండు ఫొటోలు. మొదటిదాంట్లో యూనిఫాంలో ఉన్న ఆ పిల్ల పక్కన ముసలావిడ ఒకరు నవ్వుతూ ఉన్నారు. "మా నానమ్మ. పోయి నాలుగేళ్లయింది," అంది. కాసేపు ఆ ఫొటోనే చూస్తూ కూర్చుంది. తర్వాత యూజర్‌నేమ్ చదివింది, పేరు మధ్యలో రెండు అండర్‌స్కోర్లు, చివర పుట్టిన సంవత్సరం. నేను ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ ఫారంలో టైపు చేశాను.